కాళ్ళు తడిగా ఉన్నంతసేపు

మా వంటింటి కిటికీలోంచి చూస్తే నట్సన్ వాగు మీది వంతెన కనిపిస్తుంది. ఆ వంతెన పక్కన ఆగిన బండి ఎవరిదో, అందులోంచి దిగినవాళ్ళది ఏ ఊరో, సంచిలో ఏం తెచ్చుకున్నారో తెలిసేదాకా నాకు ముద్ద దిగదు. మా ఆయన ఉన్న రోజుల్లో "గుడ్రున్, ఆ అద్దానికి నీ ముక్కు అచ్చు పడిపోయిందే" అనేవాడు. పడితే పడింది. ఆ కిటికీ లేకపోతే అర్లిస్ బ్రెక్కె సంగతి నాకు సగం కూడా తెలిసేది కాదు.

అర్లిస్ పని చేపలు పట్టడం కాదు, పట్టించడం. వసంతం రాగానే పట్నాల నుంచి వచ్చేవాళ్ళకు రొమ్ముదాకా వచ్చే రబ్బరు తొడుగులు తొడిగించి, వాగులో దింపి, పక్కనే నడుస్తూ ట్రౌట్ చేపల దగ్గరకు తీసుకుపోతుంది. మావి చిన్న వాగులు. కుర్రకారు గట్టిగా దూకితే కొన్నిచోట్ల అవతలి ఒడ్డున పడతారు. కొండరాళ్ళ కింది ఊటల్లోంచి వచ్చే నీళ్ళు కాబట్టి చలికాలం గడ్డకట్టవు, ఎండల్లో కాగవు. గోధుమరంగు ఒంటిమీద ఎర్రచుక్కలుండే ఆ ట్రౌట్‌లకు ఈ నీళ్ళంటే ప్రాణం. కానీ అవి మహా అనుమానం చేపలు. ప్రవాహానికి ఎదురు తిరిగి నిలబడి, పైనుంచి కొట్టుకొచ్చే పురుగుల కోసం చూస్తుంటాయి. అందుకని మనిషి కిందినుంచి, వాటి వెనకనుంచి, కొంగలా అడుగులో అడుగు వేసుకుంటూ పోవాలి. నీడ పడిందా, రాయి కదిలిందా, ఇక ఆ మలుపులో ఆ పూటకు చేప ఉండదు.

అర్లిస్ పొట్టి మనిషి. వెడల్పు భుజాలు, బాతు నడక. ఆ భుజాలు జున్ను ఫ్యాక్టరీ ఇచ్చినవి. ఇరవై ఏళ్ళకు పైగా అక్కడ విరిగిన పాలముద్దలు తిరగేసింది. ఫ్యాక్టరీ మూతపడిన ఏడాది, చర్చి కింది గదిలో కాఫీల దగ్గర తను గైడుగా పని మొదలుపెడుతున్నానని చెప్పింది. నేను నవ్వాను, మరి నవ్వనా?

"నీళ్ళలో నడవడానికి కూడా మనిషిని పెట్టుకుంటారటే?"

"నడవడానికి కాదు మామ్మా, ఆగడానికి. వాళ్ళకు ఎక్కడ ఆగాలో తెలీదు" అంది.

ఆమె తండ్రి లోకెన్ వాళ్ళ పాలడైరీలో పాలేరు. చిన్నప్పుడు ఆ పొలం వెంట పారే నట్సన్ వాగులోనే విల్లో కొమ్మకు దారం కట్టి చేపలు పట్టడం నేర్చుకుంది. మిగతా వాగుల్లో మే నెల వచ్చిందంటే సంతలా బూట్ల తొక్కిడి. ఈ వాగు ఒక్కటే ప్రశాంతం, ఎందుకంటే రెండు ఒడ్లూ హాల్వర్ లోకెన్‌వి, ఆయన అర్లిస్‌నూ ఆమె తెచ్చేవాళ్ళనూ తప్ప ఎవరినీ రానిచ్చేవాడు కాదు. ఆమె దగ్గరకు ఏటేటా తిరిగొచ్చేవాళ్ళంతా ఈ వాగు కోసమే వస్తారు. ఇది చేయి జారితే ఆమె పనీ జారినట్టే. ఇక వృద్ధాశ్రమం వంటగదిలో గంజి కలపాలి.

చేయి జారనే జారింది. తప్పు ఆమెదే.

మా లోయలో పిల్లలకు అక్షరాలకన్నా ముందు నేర్పే సంగతి ఒకటుంది. పరాయివాడి పొలంలో గేటు ఎలా కనిపిస్తే అలాగే వదిలి వెళ్ళాలి. తెరిచి ఉంటే తెరిచి, మూసి ఉంటే మూసి. అది తెరిచి ఎందుకుందో, మూసి ఎందుకుందో ఆ పొలం వాడికి తెలుసు, నీకు తెలీదు. ముందటేడు సెప్టెంబరులో, ఎండ మండిపోతున్న రోజున, అర్లిస్ కింది మేతబీడు మీదుగా వస్తూ గేటు బార్లా తెరిచి ఉండటం చూసింది. ముందురోజు ఎవరో పట్నం వాళ్ళు బీడులో తిరిగారని విని ఉంది. వాళ్ళే వదిలేసి ఉంటారు, పెయ్యలు రోడ్డెక్కుతాయి అనుకుని, హాల్వర్‌కు మేలు చేస్తున్నానని లాగి మూసి గొళ్ళెం పెట్టింది.

ఆ గేటు హాల్వర్ కావాలనే తెరిచాడు. పెయ్యలు వాగుకు వెళ్ళి నీళ్ళు తాగే దారి అదొక్కటే. పగలంతా దప్పికతో అరిచి అరిచి, చివరికి అవి పక్క కంచె విరగదొక్కుకుని రోడ్డు మీద పడ్డాయి. పాల లారీ గుద్ది ఒకటి చచ్చిపోయింది. వచ్చే వసంతంలో ఈనాల్సిన పెయ్య, నుదుట తెల్లబొట్టుది. హాల్వర్ దాన్ని సీసాతో పాలు పట్టి పెంచాడు.

అర్లిస్ తనంతట తానే వెళ్ళి చెప్పింది, మూసింది నేనే అని. హాల్వర్ వంతెన మీద నిలబడి విన్నాడు. నేను మా వాకిట్లో దుప్పట్లు దులుపుతున్నాను, అవి అప్పటికే దులిపినవే అనుకోండి.

"మీ నాన్న ఈ పొలంలో బతికినన్నాళ్ళూ ఒక్క గేటూ తప్పుగా మూయలేదు" అన్నాడు హాల్వర్.

"తెలుసు."

"ఇక నా గడ్డ మీద నీ కాలు పడొద్దు. నీదీ, నువ్వు తెచ్చే ఆ రబ్బరు బొమ్మలదీ."

"సరే" అంది అర్లిస్. బతిమాలలేదు, ఏడవలేదు. వెళ్ళబోతూ, "నీళ్ళు నీవి కావు కదా హాల్వర్" అంది.

అదీ నిజమే. మా రాష్ట్రంలో పారే నీళ్ళు అందరివీ. వంతెన దగ్గర వాగులో దిగావంటే, కాళ్ళు తడిగా ఉన్నంతసేపు ఎవరి పొలంలోనుంచైనా నడిచిపోవచ్చు. పొడి నేల మీద అడుగు పడితేనే తప్పు.

హాల్వర్ మొహం బీట్‌రూట్ అయింది. "అయితే నీళ్ళలోనే ఉండు. నేనూ చూస్తాను, ఎంతదూరం పోతావో" అన్నాడు.

ఆయన ధీమా ఊరికే కాదు. వంతెన నుంచి కొంచెం పైకి పోతే సున్నపురాతి గోడ కింద వాగు గుండంలా తిరుగుతుంది. అక్కడ నీళ్ళు అర్లిస్ గడ్డానికి వస్తాయి. ఇన్నాళ్ళూ ఆమె అక్కడ ఒడ్డెక్కి, గడ్డిలోంచి చుట్టు తిరిగి, మళ్ళీ దిగేది. మంచి చేపలన్నీ గుండం దాటాకే. దారికి అడ్డం ఉంటే ఒడ్డెక్కి దాటొచ్చని చట్టంలో ఉందట. లోతు నీళ్ళు అడ్డం కింద లెక్కా కాదా అన్నదాని మీద చర్చిలో మగాళ్ళంతా తలో మాట అన్నారు. వకీలును అడుగు అన్నాను నేను.

"వకీలు నోటితో ఆయన గడ్డ మీద నిలబడను మామ్మా. మూసింది నేను. వద్దన్నది ఆయన. నీళ్ళలోంచే పోతాను" అంది.

"ఎలా పోతావే, ఈదుకుంటూనా?"

"దారి ఉంటుంది. రాతిగోడ నీళ్ళలోకి తిన్నగా దిగదు కదా, ఎక్కడో ఒక మెట్టు ఉంటుంది."

ఇక తర్వాతి మార్చి నెలంతా ఆమె చేసింది ఆ మెట్టు వెతకడమే. ఒడ్లమీద ఇంకా మంచు అట్టలుగా ఉంది. వాగు నీళ్ళలో పెరిగే ఆకుకూర ఒక్కటే పచ్చగా ఉంది. పొద్దున్నే వచ్చి వంతెన కింద దిగి, చేతికర్రతో గుండం అంచు పొడుచుకుంటూ నిలబడేది. నేను పిట్టల్ని చూసే దుర్భిణి తీసుకుని మెట్ల మీద కూర్చునేదాన్ని. తర్వాత అదీ చాలక, మా పెద్దవాళ్ళ పద్ధతిలో పొడిలో గుడ్డు కొట్టి మరిగించిన కాఫీ ఫ్లాస్కులో పోసుకుని వాగు పక్కకే పోయేదాన్ని. హాల్వర్ నన్నెప్పుడూ కాదనలేదు, కాదన్నా నేను వినను.

మెట్టు ఉంది. రాతిగోడ వైపున, నడుములోతున, పాదం వెడల్పున ఒక రాతిపలక అడుగున సాగింది. నాచు పట్టి సబ్బులా జారుతుంది. సగం దూరంలో అది తెగిపోయి, ఒక పెద్ద అంగ తర్వాత మళ్ళీ మొదలవుతుంది. ఆ అంగ దగ్గర గోడమీదినుంచి దేవదారు వేరు ఒకటి వేలాడుతోంది. అర్లిస్ దాన్ని పట్టుకుని కాలు చాపింది.

పైనుంచి గొంతు వినిపించింది. "ఆ వేరు నాది."

తలెత్తి చూస్తే హాల్వర్. కంచె బాగుచేసే నెపంతో సుత్తి పట్టుకుని నిలబడ్డాడు. అక్కడ కంచె చెక్కుచెదరలేదు.

"వేరు పట్టుకుంటే ఏం పోయిందయ్యా?" అన్నాను నేను.

"నువ్వు మధ్యలో మాట్లాడకు గుడ్రున్. వేరు చెట్టుది, చెట్టు నాది."

అర్లిస్ ఆయన వైపు ఒకసారి చూసి, వేరు వదిలేసింది. వదిలేసి గుండంలో పడింది. టోపీ కొట్టుకుపోయింది. మంచునీళ్ళు తొడుగులోకి దిగి, పైకి లేచేసరికి ఆమె పెదాలు నేరేడుపళ్ళు. హాల్వర్ సుత్తి కింద పడేసి రెండడుగులు ముందుకొచ్చి ఆగిపోవడం నేను చూశాను. ఆమె చూడలేదు.

"ఇంటికి పోవే పిచ్చిదానా" అని అరిచాను.

"రేపు వస్తాను" అంది, పళ్ళు టకటకలాడుతుంటే.

మర్నాడు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. వేరు ముట్టుకోకుండా, కర్రను అడుగున రాళ్ళ సందులో గుచ్చి, దానిమీద బరువు వేసి, ఆ అంగ దాటడం నేర్చుకుంది. మధ్యలో ఎన్నిసార్లు పడిందో మాత్రం నేను లెక్క పెట్టలేదు. ఏప్రిల్ వచ్చేసరికి వేరే మనిషిని కూడా చేయి పట్టి దాటించగలిగేంత సాధన అయింది.

మే మొదటి వారంలో ట్రూడీ వచ్చింది. మిల్వాకీ పట్నంలో బడి బస్సు నడుపుతుంది. భారీ మనిషి, భారీ నవ్వు. వచ్చిన ప్రతిసారీ ముందు మా ఇంట్లో కాఫీ తాగందే వాగులో దిగదు, అందుకే నాకు ఆవిడంటే ఇష్టం. అప్పుడప్పుడే కొండవాలు మీద ఆపిల్ చెట్లు మొగ్గ తొడుగుతున్నాయి. ఆకాశం మబ్బుగా, గాలి విసురుగా ఉంది. అలాంటి రోజున నీళ్ళలోంచి చిన్న బూడిదరంగు ఈగలు లేస్తాయి. చేపలు వాటికోసం పైకి వస్తాయి.

"గుండం దగ్గర ఒడ్డెక్కడం లేదీసారి" అని చెప్పింది అర్లిస్.

"మరి?"

"గోడ పట్టుకుని నడుస్తాం. జారితే తడుస్తావు."

"నేను జారితే వాగే పొంగుతుందమ్మా, కింద వంతెన కొట్టుకుపోతుంది" అని ట్రూడీ నవ్వింది. అయినా దిగింది. ఇద్దరూ గుండం దాటారు. దాటాక ట్రూడీ వేసిన కేక మా ఇంటిదాకా వినిపించింది. తర్వాత జరిగింది ట్రూడీ నాకు చెప్పినదే, ఆవిడ కొంచెం పెంచి చెప్పినా అర్లిస్ కాదనలేదు.

గుండం పైన మూడో మలుపులో, ఒడ్డు కింద పెద్ద చేప ఒకటి ఈగల్ని మింగుతూ ఉంది. ముక్కు మాత్రం బయటపెట్టి, ముద్దు పెట్టుకున్నట్టు చప్పుడు చేసి, మళ్ళీ లోపలికి. ట్రూడీ ఈ వాగుకు వస్తున్న ఇన్నేళ్ళలో అంతటి చేప కనపడలేదు.

"మోకాళ్ళ మీద వంగు. నీడ నీళ్ళమీద పడనీకు" అని అర్లిస్ చెవిలో చెప్పింది. "దానికి పైన మూరెడు దూరంలో పడాలి ఎర. దారం నీళ్ళను కొట్టనీకు, మెల్లగా."

మొదటి విసురు గడ్డికి తగులుకుంది. అర్లిస్ నెమ్మదిగా విడిపించింది. చేప బెదరలేదు. రెండోసారి విసరబోతుంటే, అవతల మేతబీడులోనుంచి పెయ్యలు అరవడం వినిపించింది. మామూలు అరుపు కాదు. అర్లిస్ నిలువునా ఆగిపోయింది.

నీళ్ళలోంచి చూస్తే, ఒడ్డు మీదుగా కింది గేటు కనిపిస్తోంది. మూసి ఉంది. దాని వెనక పెయ్యలు గుంపుగా నిలబడి వాగు వైపు చూసి అరుస్తున్నాయి.

"విసరనా?" అంది ట్రూడీ.

"ఆగు."

"ఆగితే పోతుంది. చూడు, చూడు, మళ్ళీ పైకొచ్చింది!"

"ట్రూడీ, మనం వెనక్కి పోవాలి."

"ఎక్కడికి?"

"వంతెన దగ్గరికి. గుడ్రున్ మామ్మ ఇంట్లో ఫోను ఉంది. ఈ లోయలో చేతి ఫోన్లు పలకవు."

"గేటు ఇదిగో ఇక్కడే ఉంది కదే! నాలుగడుగులు. వెళ్ళి తెరిచి రా, నేను ఎవరికీ చెప్పను."

అర్లిస్ తల అడ్డంగా ఊపింది. "నాకు తెలుసనుకునే పోయినసారి మూశాను. ఇప్పుడు తెలుసనుకుని తెరవను. ఏ రోగపు పెయ్యనైనా విడిగా ఉంచాడేమో, కంచె అటుపక్క తెగి ఉందేమో. అడగాలి."

ట్రూడీ బస్సులో పిల్లల్ని తిట్టే తిట్లన్నీ తిట్టింది. కానీ దారం చుట్టింది. వాగులో కిందికి నడవడమంటే వచ్చిన దారంతా బురద చేసుకుంటూ, చేపలన్నింటినీ తరిమేసుకుంటూ రావడం. ఆ రోజు వేట అక్కడితో సరి. ఇద్దరూ మళ్ళీ గుండం గోడ పట్టుకుని, రాతిపలక మీద పక్కకు జరుగుతూ, వంతెన దగ్గర పైకి వచ్చారు.

నేను అప్పటికే తలుపు తీసి నిలబడ్డాను. అర్లిస్ తొడుగులతోనే వంటింట్లోకి వచ్చింది. నేల నిండా నీళ్ళు.

"హాల్వర్ ఎక్కడున్నాడు మామ్మా?"

"దాణా మిల్లులో. పొద్దున్నే పోయాడు, ఇంకా రాలేదు. అక్కడ కూర్చుంటే అంత తొందరగా లేవడు." మిల్లు నంబరు నేనే కలిపాను, నాకు నోటికి వచ్చు. కౌంటరు దగ్గరవాడు హాల్వర్‌ను పిలిచాడు. నేను అర్లిస్ చెవి పక్కనే నా చెవి పెట్టాను. ఆమె నన్నేం పక్కకు నెట్టలేదు.

"హాల్వర్, నేను అర్లిస్."

ఆయన పలికేదాకా ఆమె ఆగలేదు.

"కింది గేటు మూసి ఉంది. పెయ్యలు అరుస్తున్నాయి. మూసి ఉండాల్సిందేనా, తెరిచి ఉండాల్సిందా?"

"తెరిచి కట్టి వచ్చాను పొద్దున."

"తాడు తెగినట్టుంది. గాలికి కొట్టుకుని గొళ్ళెం పడిపోయింది."

"నువ్వెక్కణ్ణుంచి చూశావు?"

"నీళ్ళలోంచి."

"చూసి తెరవలేదా?"

"అడుగుదామని వచ్చాను."

"వంతెన దాకా? గుండంలోంచే?"

"మరెలా వస్తాను?"

వెనక మిల్లులో మగాళ్ళ మాటలన్నీ ఆగిపోయాయి. అందరూ వింటున్నారన్నమాట, మా కౌంటరు దగ్గరవాళ్ళు నాకన్నా తక్కువేం కాదు.

"తెరిచెయ్" అన్నాడు హాల్వర్.

"ఒడ్డెక్కాలి."

"ఎగిరి వెళ్ళి తెరుస్తావా మరి! ఎక్కు. గేటు దాకానే."

"గేటు దాకానే" అంది అర్లిస్, ఫోను పెట్టేసింది.

ఈసారి నేను ఆగలేదు. దుర్భిణి కూడా వద్దనుకుని గుండం మీది గట్టుకు పోయాను. ఇద్దరూ మూడోసారి ఆ గోడ దాటారు. ట్రూడీని ఇంట్లో కూర్చోమంటే వినలేదు. గేటు ఎదురుగా అర్లిస్ ఒడ్డెక్కింది. ట్రూడీ కూడా కాలు పైకి పెట్టబోయింది.

"నువ్వు ఆగు. నిన్ను రమ్మనలేదు ఆయన."

"నా కాళ్ళు కొయ్యలై పోయాయే తల్లీ!"

"నీళ్ళలోనే ఉండు."

అర్లిస్ తిన్నగా గేటు దగ్గరకు పోయి గొళ్ళెం తీసి, బార్లా తెరిచింది. కట్టడానికి చూస్తే పాత తాడు కుళ్ళి పీలికలుగా వేలాడుతోంది. తన నడుముకున్న పటకా తీసి గేటును కంచె స్తంభానికి బిగించి కట్టింది. పెయ్యలు ఆమెను రాసుకుంటూ వాగులోకి ఉరికాయి. ట్రూడీ వాటి మధ్య నడుములోతు బురదనీళ్ళలో నిలబడి, ఒకదాని మెడ పట్టుకుని పడీపడీ నవ్వింది. అర్లిస్ తను వేసిన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ తిరిగివచ్చి నీళ్ళలో దిగింది.

మర్నాడు హాల్వర్ మా గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో ఆ పటకా.

"దీన్ని ఆమెకివ్వు."

"నువ్వే ఇవ్వచ్చుగా?"

"నాకు పనుంది."

"ఏం పని?"

"నీకెందుకే అన్నీ?" అన్నాడు, కానీ చెప్పకుండా పోలేకపోయాడు. "గుండం దగ్గర కంచెకు మెట్లు వేస్తున్నా. ఇటో మెట్టు, అటో మెట్టు. ఎక్కి, గోడ మీదుగా పోయి దిగొచ్చు. అంతవరకే. చెప్పు ఆమెకు."

"తెల్లబొట్టుది గుర్తుకు రావడం లేదా ఇక?"

"రోజూ వస్తుంది" అన్నాడు. టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

అర్లిస్ వస్తే ఆ మాట చెప్పాను. పటకా పెట్టుకుని, కాఫీ పూర్తిచేసి, "అంతవరకే అన్నాడా?" అంది.

"అన్నాడు. అడిగితే ఇంకా ఇస్తాడే పిచ్చిదానా. మెత్తబడ్డాడు."

"ఆయన ఇచ్చింది అంత. నేను వాడుకునేది అంతే."

ఇప్పటికి మళ్ళీ ఒక చలికాలం పోయి వసంతం వచ్చింది. ట్రూడీ ఆ చేప కోసం ఇంకా వస్తోంది, అది ఇంకా ముద్దులు పెడుతూనే ఉంది. హాల్వర్ కొన్నిసార్లు ట్రాక్టరు ఆపి, కంచె మీద మోచేతులు పెట్టి, అర్లిస్ తన వెంట వచ్చినవాళ్ళను ఎక్కడ ఎలా ఆపుతుందో చూస్తాడు. మాట్లాడుకోవడం మాత్రం గేట్ల గురించే. గుండం మీది గట్టున, మెట్టు నుంచి మెట్టుకు గడ్డిలో సన్నని కాలిబాట పడింది. దానికి ఇటు ఒక్క అడుగు జాడ లేదు, అటు ఒక్కటి లేదు. నిన్న వంగి మరీ చూసి వచ్చాను.